క్లైవియాకు చలి కావాలి

ఎస్తేరు ఇంట్లో ఆ మొక్కకు ఉన్న మర్యాద ఆమె మొగుడు ఉపేందర్‌కు లేదని వీధిలో అందరూ అనేవాళ్లు. ఉపేందర్ కూడా అదే మాట అనేవాడు, కాకపోతే నవ్వుతూ అనేవాడు.

మొక్క పేరు క్లైవియా. ముదురాకుపచ్చ ఆకులు, పట్టీల్లా పొడుగ్గా, అటు కొన్ని ఇటు కొన్ని విసనకర్రలా పరుచుకుని ఉంటాయి. ఎస్తేరు సూర్యాపేటలో పెద్ద దవాఖానలో స్టాఫ్ నర్సు. ఆమెతో కలిసి నర్సింగు చదివిన జానకమ్మది నడిగూడెం. ఉద్యోగం మాత్రం ఎక్కడో నీలగిరుల్లో, కూనూరు దగ్గర తేయాకు తోటల ఆసుపత్రిలో. ఒకసారి ఎండలు ముదరకముందు ఎస్తేరు ఆమె దగ్గరికి వెళ్లినప్పుడు వసారా పొడవునా కుండీలు, ప్రతి కుండీలో నిటారుగా ఒక కాడ, కాడ చివర నారింజ రంగు పూల గుత్తి. ఒక్కో పువ్వు చిన్న బూరలా ఉంది, గొంతులో పసుపు. ఎస్తేరు ఆ వసారాలోనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఊరు చూపిస్తానని జానకమ్మ ఎంత పిలిచినా లేవలేదు. తిరిగి వచ్చేటప్పుడు జానకమ్మ ఒక పిలకను తవ్వి, తడి పేపరులో చుట్టి చేతిలో పెట్టింది.

అది జరిగి నాలుగేళ్లయింది. మొదటి వేసవిలో పక్కింటివాళ్లు రేకు తీసేయడంతో నీడ పోయి ఒక్క మధ్యాహ్నం ఎండ తగిలింది. అంతే, ఆకుల మీద ఇస్త్రీపెట్టె ఆన్చినట్టు తెల్లటి మచ్చలు పడ్డాయి. అయ్యో అని నీళ్లు ఎక్కువ పోసింది. వేర్లు కుళ్లాయి. మొక్కను కుండీలోంచి పెకలించి, మెత్తబడ్డ వేర్లను బ్లేడుతో కోసి, నీడలో ఆరబెట్టి, చిన్న కుండీలో కొబ్బరి పీచు, బొగ్గు ముక్కలు, ఇటుక పెంకులు వేసి మళ్లీ నాటింది. పేషెంటు కోలుకున్నట్టే కోలుకుంది. వేర్లు కుండీ నిండా ఇరుక్కుని ఉంటేనే దానికి సుఖమనీ, ఊరికే కదిలించకూడదనీ అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఆకులు బ్రహ్మాండంగా వచ్చాయి. పువ్వు రాలేదు. పోయినేడు మాత్రం ఆకుల మొదట్లో మొగ్గలు కనబడ్డాయి. కాడ మాత్రం పైకి లేవలేదు. గొంతులో మాట ఇరుక్కున్నట్టు ఆ మొగ్గలు ఆకుల మధ్యే ఇరుక్కుని, రెండు పూలు నలిగి విచ్చుకుని, వాడిపోయాయి.

జానకమ్మకు ఫోన్ చేసి చెబితే ఆమె పగలబడి నవ్వింది.

"దానికి సలి పడలేదే. మాకాడ సలికాలం దాన్ని పట్టించుకోం, నీళ్లు గూడ మర్సిపోతం. గట్ల నెలన్నర సల్లగ పండుకుంటెనే కాడ లేస్తది. సూర్యాపేటల ఏం సలి ఉంటది? దుప్పటి కప్పుకుంటె చెమట పడ్తది."

ఆ ఏడు చలికాలం మొదలవుతుండగా ఎస్తేరు ప్రయత్నాలు మొదలుపెట్టింది. ఉపేందర్ ఒక సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పెరుగు గిన్నె, ఇడ్లీ పిండి, కోడిగుడ్లు, కూరగాయలు అన్నీ బల్ల మీద ఉన్నాయి. ఫ్రిజ్‌లో అరలు తీసేసి ఎస్తేరు కుండీని లోపలికి నెడుతోంది. ఆకులు పట్టలేదు. తలుపు పడలేదు. తర్వాత ఏసీ వంతు వచ్చింది. పడకగదిలో మంచం పక్కన కుండీ పెట్టి ఏసీని బాగా తగ్గించింది. ఉపేందర్ స్వెట్టరు వేసుకుని, మంకీ క్యాపు పెట్టుకుని, దుప్పట్లో ముడుచుకుని అడిగాడు.

"సలి చెట్టుకు గావాల్నంటివి. నాకెందుకు పెడ్తున్నవ్?"

వారం తిరక్కుండానే అతనికి దగ్గు పట్టింది. దవాఖాన నుంచి మందులు తెచ్చి మింగించింది కూడా ఎస్తేరే. ఏసీ బందయింది.

ఎదురింట్లో కౌసల్య ఉంటుంది. ఆమె భర్త వెంకటేశ్వర్లుకు హుజూర్‌నగర్ దిక్కు భూములు, కోదాడ దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉన్నాయి. ఎస్తేరు అప్పుడప్పుడు కౌసల్యకు బీపీ చూడడానికి వెళ్తుంది. ముందు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చూసి, వచ్చేస్తుంది. అంతకుమించి ఆ ఇంట్లో లోపలికి పోయింది లేదు, కౌసల్య ఈ ఇంటికి వచ్చిందీ లేదు. ఒక ఆదివారం అలాగే కౌసల్య చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతూ ఎస్తేరు, పక్కనే కూర్చున్న వెంకటేశ్వర్లుతో అంది.

"సార్, మీ స్టోరేజీల నాకు జర జాగ గావాలె."

"మీరు మిరప ఎప్పుడేసిన్రు సిస్టరమ్మా? ఎన్ని బస్తాలు?"

"బస్తాలు గాదు సార్. ఒక పూల కుండీ."

వెంకటేశ్వర్లు కళ్లద్దాలు తీసి చూశాడు. "చెట్టుకు జెరమొచ్చిందా?"

"జెరం గాదు. దానికి సలి గావాలె."

కౌసల్యకు నవ్వు ఆగలేదు. పట్టీ చుట్టిన చెయ్యి ఊగిపోతుంటే మిషను ఏదో పెద్ద అంకె చూపించింది. "అక్కా, మీరు నవ్వొద్దు, మళ్ల సూడాలె" అని ఎస్తేరు గాలి తీసేసింది. నవ్వు తగ్గాక కౌసల్య మొత్తం కథ చెప్పించుకుంది. ఫ్రిజ్ సంగతి దగ్గర మళ్లీ నవ్వింది. చివరికి మొగుడి వైపు తిరిగి, "పెట్టిస్తె ఏం పోతది? అన్ని బస్తాల నడుమ ఒక్క కుండీకి జాగ దొరకదా" అంది.

బస్తాలు ఉండే ఛాంబర్లలో చలి మరీ ఎక్కువ, మొక్క తట్టుకోలేదని వెంకటేశ్వర్లే చెప్పాడు. వాటికి ముందు ఒక గది ఉంటుంది. బస్తాలను లోపలికి పంపే ముందు అక్కడ దించుతారు. స్వెట్టరు వేసుకునేంత చలి, ఉత్తరానికి అద్దాల కిటికీ. ఎస్తేరుకు ఇంకేం కావాలి.

ఉపేందర్ మిర్యాలగూడ డిపోలో కండక్టరు. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే బస్సు అతనిది. స్టోరేజీ ఆ రోడ్డు మీదే, కోదాడ ఇంకాస్త దూరం ఉందనగా వస్తుంది. కుండీ ఆ బస్సులోనే ప్రయాణం చేసింది. డ్రైవర్ భద్రు తన పక్కన ఇంజను మీది డబ్బా మీద పెట్టమన్నాడు. అక్కడ వేడి తగులుతుందని ఎస్తేరు ఒప్పుకోలేదు. దాంతో క్లైవియా కండక్టరు సీట్లో కూర్చుంది. ఉపేందర్ స్టోరేజీ దాకా నిలబడే టికెట్లు కొట్టాడు.

స్టోరేజీ సూపర్‌వైజరు సైదయ్య, మెడకు మఫ్లరు చుట్టుకుని గేటు దగ్గరే ఎదురొచ్చాడు. కోదాడ మనిషి, మాటలో సరిహద్దు అవతలి జిల్లా వాసన కొంచెం తగులుతుంది. లోపలికి అడుగు పెట్టగానే మిర్చి ఘాటుకు ఎస్తేరు వరసగా తుమ్మింది. కుండీని కిటికీ పక్కన బల్ల మీద పెట్టి చెప్పాల్సినవి చెప్పింది.

"నీళ్లు మాత్రం పొయ్యొద్దన్నా. నేను వచ్చినప్పుడు సూసి పోస్త."

"నీళ్లు పొయ్యకపోతే చెట్టెట్లా బతుకుద్దండి?"

"దీని వేర్లు లావుగ ఉంటయ్. నీళ్లు దాసుకుంటయ్. ఇప్పుడు ఇది పండుకునే టైము."

అక్కడ నేల మీద రాలిన మిరపకాయలు ఊడుస్తున్న గోపమ్మ చీపురు పక్కనబెట్టి వచ్చింది. నడివయసు దాటిన మనిషి, చలికి చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుంది. ఆకును వేలితో తడిమి, "నేను సూసుకుంట బిడ్డ, నువ్వు పో" అంది.

అలా కుదిరింది. ఉపేందర్ బస్సు ఆ దారిన పోయినప్పుడు భద్రు హారన్ కొట్టేవాడు. గోపమ్మ గేటు దగ్గరికి వచ్చి చెయ్యి అడ్డంగా ఊపేది. ఏం మార్పు లేదు, బాగుందని దానర్థం. మొగ్గ కనబడితే తలగుడ్డ తీసి ఊపుతానంది. ఫోను చేస్తే పోయేదే గానీ గోపమ్మకు ఫోను లేదు, సైదయ్య ఫోను ఎప్పుడూ లారీలవాళ్లతోనే బిజీగా ఉండేది. పైగా హారన్ కొట్టడం భద్రుకు సరదాగా ఉంది.

హారన్ ఎందుకని ప్రయాణికులు అడగడం మొదలుపెట్టారు. ఉపేందర్ చెప్పాడు. ఒకరికి చెబితే బస్సంతా విన్నది. రోజూ ఎక్కేవాళ్లలో ఆండాలు ఒకామె. మల్లెపూలు, కనకాంబరాల బుట్టతో కోదాడ పోయి మూరల లెక్కన అమ్ముతుంది. ఆమెకు నమ్మకం లేదు.

"నాకు తెల్వని పువ్వా? ఫోటువ సూపియ్యి."

ఉపేందర్ జానకమ్మ పంపిన ఫోటో చూపించాడు. ఆండాలు ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. "గిది నిజమైతే నేను గూడ దిగి సూస్త" అంది. ఆ రోజు నుంచి స్టోరేజీ దగ్గరకు రాగానే ఆ వైపు కిటికీలన్నిట్లోంచి తలలు బయటికి వచ్చేవి.

మొదట్లోనే ఒక గండం వచ్చింది. ఎస్తేరు ఒక ఆదివారం చర్చి అయ్యాక స్టోరేజీకి పోయి కుండీలో వేలు పెట్టి చూస్తే మట్టి తడితడిగా ఉంది. ఆకుల మొదట్లో కూడా నీళ్లు నిలిచాయి. మళ్లీ వేర్లు కుళ్లితే ఈసారి మొక్క దక్కదు. గోపమ్మ పక్కనే నిలబడింది. మొహం చూస్తేనే తెలిసిపోతోంది.

"నోరెండిపోయినట్టు అనిపించింది బిడ్డ. ఒక్క చెంబే పోసిన."

ఎస్తేరుకు కోపం వచ్చింది. కానీ వార్డులో ఇలాంటి అమ్మలను ఎంతమందినో చూసింది. దూది తీసి ఆకుల మధ్య నీళ్లు అద్దుతూ నిదానంగా అడిగింది.

"అత్తా, మీ ఇంట్ల ఎవరికన్న ఆపరేషన్ అయిందా?"

"మా కోడలికి అయింది, కాన్పుకు."

"ఆపరేషన్‌కు ముందు ఆమెకు నీళ్లిచ్చిన్రా?"

"ఇయ్యలే. ఇయ్యొద్దని సిస్టరు నా చేతిలకెళ్లి గిలాస గుంజుకున్నది."

"నేను గా సిస్టర్నే అనుకో."

గోపమ్మ తల ఊపింది. కుండీని ఎత్తి గాలి తగిలే చోట పెట్టింది. ఆ తర్వాత హమాలీల్లో ఎవరైనా చెంబు పట్టుకుని ఆ బల్ల దిక్కు పోతే చాలు, చీపురు ఎత్తేది. అదృష్టం బాగుండి వేర్లు కుళ్లలేదు.

చలికాలం సగం దాటింది. ఒకరోజు ఎస్తేరు వార్డులో ఒక ముసలామెకు సూది వేయబోతుంటే ఫోను మోగింది. ఉపేందర్.

"ఎస్తేరూ, గుడ్డ ఊపింది."

వెనక బస్సులో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎస్తేరు సూది పట్టుకుని అలాగే నిలబడింది. మంచం మీది ముసలామె, "ఏమైంది సిస్టరూ, మనవడు పుట్టిండా?" అని అడిగింది.

"గసొంటిదే అవ్వ" అంది ఎస్తేరు.

వెళ్లి చూస్తే నిజమే. ఆకుల మధ్య సందులో లేతాకుపచ్చ మొగ్గల కట్ట, పసిపిల్ల చిగుళ్లలో తేలిన పన్నులాగా. తొందరపడి ఇంటికి తెచ్చి వేడిలో పెడితే కాడ పోయినేటిలాగే మధ్యలో ఆగిపోతుందని జానకమ్మ ఫోనులో గట్టిగా చెప్పింది. జానెడు లేచిందాకా ఆగమంది. నీళ్లు మాత్రం ఇప్పుడు కొంచెం కొంచెం మొదలుపెట్టమంది. ఈసారి నీళ్లు పోసే పని గోపమ్మకే అప్పగించింది ఎస్తేరు. గోపమ్మ టీ గ్లాసుతో కొలిచినట్టు పోసింది.

కాడ జానెడు లేచింది. ఎస్తేరు పెద్ద గోనెసంచీ, మెత్తటి పాత చీర తీసుకుని మొక్కను ఇంటికి తేవడానికి పోయింది. కొత్త మిర్చి రావడం అప్పుడే మొదలైంది. గేటు బయట లారీలు, ఆవరణ నిండా ఎర్రటి దుమ్ము. దుమ్ము పడకుండా సైదయ్య అంతకుముందే కుండీని తన అద్దాల గదిలోకి మార్చాడు. ఎస్తేరు కుండీని చీరతో చుడుతుంటే గోపమ్మ గుమ్మంలో నిలబడింది. ఆమె వెనక మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు హమాలీలు.

"తీస్కపోతున్నవా బిడ్డ?"

"ఇగ ఇంటికాడ పూస్తదత్తా. మీరు మస్తు సూసుకున్నరు."

"మేం గీడ మిరపకాయలు తప్ప ఏం సూస్తం? ఇన్ని దినాలు పసిపిల్ల లెక్క సూసుకున్నం. పువ్వు మాత్రం పేటల పూస్తదా?"

గోపమ్మ గొంతులో కోపం లేదు. అడిగింది, అంతే. వెనక ఆడవాళ్లు ఎస్తేరు మొహం వైపే చూస్తున్నారు.

ఎస్తేరు కుండీని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. నాలుగేళ్లుగా ఆమె ఒకటే అనుకుంటోంది. పొద్దున్నే లేచి తలుపు తీస్తే వసారాలో మొదటి పువ్వు విచ్చుకుని ఉండాలి. దాన్ని అందరికన్నా ముందు తను చూడాలి. ఆ తర్వాతే ఎవరికైనా చూపించాలి. అది ఎంత చిన్న కోరికో అంత గట్టి కోరిక. ఈ మనుషులేమో రోజంతా ఘాటులో, దుమ్ములో పనిచేస్తూ, మొక్క మీద దుమ్ము పడకుండా కాపాడారు. ఆకులను చూస్తే తెలుస్తోంది. ఇంట్లో తను తుడిచినదాని కన్నా నున్నగా మెరుస్తున్నాయి.

ఆమె కుండీకి చుట్టిన పాత చీర ముడి విప్పింది. కుండీని మళ్లీ సైదయ్య గదిలో దాని చోట పెట్టింది.

"గీడనే పూయనియ్యి అత్తా. పూసినంక కబురు చెయ్యి."

తిరుగు బస్సులో ఎస్తేరు ఖాళీ గోనెసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. టికెట్లు కొట్టడం అయ్యాక ఉపేందర్ పక్కన కూర్చుని, "మంచి పని చేసినవ్" అన్నాడు.

మొదటి పువ్వు ఒక మంగళవారం విచ్చుకుంది. అప్పుడు ఎస్తేరు డ్యూటీలో ఉంది. గోపమ్మ తలగుడ్డ ఊపలేదట, రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చి బస్సుకు అడ్డం నిలబడిందట. ఫోనులో ఆ మాట విన్నప్పుడు ఎస్తేరు మనసు ఒక్క క్షణం చివుక్కుమంది. తను లేకుండానే పూసింది. ఆ వెంటనే, గోపమ్మ రోడ్డు మీద బస్సుకు అడ్డం నిలబడ్డ బొమ్మ కళ్ల ముందుకొచ్చి నవ్వొచ్చింది. సాయంత్రం ఎదురింటికి పోయి కౌసల్యకు చెప్పింది. రేపు సెలవు పెట్టి పోతున్నానంది.

"నేను గూడ వస్త" అంది కౌసల్య.

"కారుల పోదామా అక్కా?"

"కారెందుకు? మీ ఆయన బస్సుల పోదాం. బస్సెక్కక ఎన్నేండ్లయిందో."

మర్నాడు పొద్దున ఇద్దరూ ఉపేందర్‌తో పాటే బయలుదేరి మిర్యాలగూడ చేరి, అతని బస్సెక్కారు. ఉపేందర్ ఆధార్ కార్డు అడిగి కౌసల్య చేతిలో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ పెడితే ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పర్సులో దాచుకుంది. హుజూర్‌నగర్‌లో ఆండాలు ఎక్కింది. ఎస్తేరును చూడగానే, "చెట్టామె నువ్వేనా?" అని పక్కన కూర్చుని బుట్టలోంచి మల్లెపూల మూర ఒకటి తీసి ఆమె జడలో పెట్టింది, ఇంకొకటి కౌసల్య జడలో పెట్టింది.

స్టోరేజీ దగ్గర భద్రు హారన్ కొట్టి బస్సు ఆపేశాడు. "అయిదు నిమిషాలు" అన్నాడు. దిగినవాళ్లు దిగారు. సీటు పోతుందని భయపడ్డవాళ్లు రుమాళ్లు వేసి దిగారు. సైదయ్య గదిలో అంతమంది పట్టరని అతనే కుండీని మోసుకొచ్చి, దుమ్ము లేని నీడలో, గోడ పక్కన స్టూలు మీద పెట్టాడు.

కాడ మూరెడు లేచింది. దాని చివర గుత్తి. సగం మొగ్గలే, కానీ విచ్చుకున్నవి విచ్చుకున్నట్టు పొద్దుటి వెలుగులో నారింజగా మండుతున్నాయి. గొంతులో పసుపు. వెనక ఆవరణంతా ఎర్రటి మిర్చి గుట్టలున్నా కళ్లు ఈ పువ్వు మీదికే పోతున్నాయి. ఎస్తేరు వంగి దగ్గరగా చూసింది. గోపమ్మ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మొన్న రాత్రి ముడుచుకునే ఉండె బిడ్డ. తెల్లారి వచ్చి సూస్తె నోరు తెరిసింది. నేనే ముందు సూసిన."

"ఎట్లున్నది అత్తా?"

"నాకు ఏడుపొచ్చింది" అంది గోపమ్మ, నవ్వుతూ.

ఆండాలు పువ్వుల మనిషి కదా, చుట్టూ తిరిగి చూసి తన తీర్పు చెప్పింది. "వాసన లేదు. దండకు పనికిరాదు. గని సూసుకుంట కూసుంటె కడుపు నిండుతది." బస్సులో వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకున్నారు. ఒక కాలేజీ పిల్ల గోపమ్మను పువ్వు పక్కన నిలబెట్టి తీస్తే, గోపమ్మ చొక్కా గుండీలు సరిచేసుకుని, గడ్డం పైకెత్తి, మిలిటరీ మనిషిలా నిలబడింది. అయిదు నిమిషాలు కాస్తా చాలా సాగాయి. డిపోవాళ్లు ఫోను చేస్తే ఉపేందర్, "జర ట్రాఫిక్ ఉన్నది సార్" అన్నాడు. ఆ రోడ్డు మీద ఆ సమయంలో ఉన్నది ఒక ఎడ్లబండి.

బస్సు పోయింది. ఎస్తేరు, కౌసల్య పోలేదు. మధ్యాహ్నం బస్సుకు వస్తామన్నారు. అన్నం వేళకు ఆడవాళ్లు గోడ నీడలో గోనె పట్టాలు పరిచి డబ్బాలు విప్పారు. యజమాని భార్య కదా అని సైదయ్య కౌసల్య కోసం కుర్చీ తెచ్చాడు. కౌసల్య కుర్చీ పక్కకు జరిపి ఎస్తేరు పక్కనే పట్టా మీద కూర్చుంది. గోపమ్మ మొహమాటపడుతూనే తన డబ్బాలోంచి అన్నం, పచ్చిపులుసు మూతలో వేసి ఇచ్చింది. కౌసల్య ఒక ముద్ద తిని ఆగింది.

"ఎస్తేరూ, గిది తిన్నవా?" అంది. ఇన్నేళ్లలో సిస్టరమ్మా అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఎస్తేరు అది గమనించింది. మూతలోకి చెయ్యి చాపింది.

"మస్తుగున్నదక్కా. మీరు ఉప్పు తగ్గియ్యాలె గని."

"గీ ఒక్కరోజు నా బీపీ సంగతి మర్సిపో."

ఆడవాళ్లంతా నవ్వారు. నీలగిరులు ఎక్కడుంటాయని ఒకామె అడిగింది. అక్కడ ఏడాదంతా చలేనా అని ఇంకొకామె అడిగింది. ఎస్తేరు జానకమ్మ గురించి, పొగమంచు గురించి, ఆ వసారా గురించి చెప్పింది. మధ్యలో జానకమ్మకే వీడియో కాల్ కలిపి ఫోను పువ్వు వైపు తిప్పితే, అవతల ఆమె ఫోను దగ్గరికి తెచ్చుకుని చూసింది. తర్వాత, "మా దగ్గర గూడ కాడ ఇంత పొడుగు రాలేదు ఈసారి" అంది. గోపమ్మ ఆ మాట అందరికీ వినబడేలా మళ్లీ చెప్పించింది.

తిన్నాక టీ తాగాలని కౌసల్యకు బుద్ధి పుట్టింది. సైదయ్య రోడ్డు మీది హోటల్ నుంచి తెప్పిస్తానని పోయాడు. టీ ఆలస్యమైంది. పని మొదలయ్యే టైము దగ్గరపడినా ఎవరూ ఆ పట్టా మీదనుంచి లేవలేదు.